చందుపట్ల రాయి చెప్పనిది

నల్లగొండ

దోస్తూ,

రుద్రమదేవి మీద నాటకం రాస్తున్నవంటే మస్తు సంబురమైంది. ఆఖరి సీనుల ఆమె మీద తిరగబడ్డ సామంతుడు అంబదేవుడు ఆమెను పొడిచినట్టు పెట్టాల్నా అని అడిగినవ్ గదా, ముందుగాల దాని సంగతే రాస్త.

నకిరేకల్ పక్కన చందుపట్ల శాసనం ఏమంటదో చూడు. శక 1211, విరోధి సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాపతి మల్లికార్జున నాయకుడు శివలోకానికి పోయిన్రు, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు సోమనాథ దేవునికి భూమి ఇచ్చిండు. గంతే. యుద్ధం మాట లేదు, అంబదేవుని పేరు లేదు. రాణి, సేనాపతి ఇద్దరి పేర్లు ఒక్క రాయి మీద పడ్డయి, ఆ రోజులల్ల కాయస్థ అంబదేవుడు తిరగబడి ఉన్నడు, కాబట్టి లడాయిలనే పడిపోయిన్రని చరిత్రకారులు అంచనా కట్టిన్రు. ఆ అంచనాను నేనూ నమ్ముత. కానీ నాటకం దానికి ఒక గుర్రం, ఒక కత్తి, ఒక డైలాగు ఇచ్చిందనుకో, చూసినోళ్లు అదంతా రాయి మీదనే ఉందనుకుంటరు.

తారీఖు ఎట్ల తీస్తరో కూడా చెప్త, నీకు పనికొస్తది. శకానికి 78 కలిపితే 1289. పుష్యంల జనవరి వస్తది కాబట్టి, జనవరి నుంచి ఉగాది దాకా తిథులకు 79 కలపాలె. అన్నిటికీ 78 కలిపేటోళ్లు ఏడాది ఎనకవడ్తరు. ఇది మార్గశిరం, 78 సరిపాయె: 1289 నవంబరు 27. సరిచూసుకోవాలంటే సంవత్సరం పేరు పట్టు. 60 ఏండ్లకోసారి అదే పేరు తిరిగొస్తది. 2009 ఉగాదికి వచ్చింది విరోధి. అందులకెళ్లి పన్నెండు అరవైలు, అంటే 720 తీసేస్తే మళ్ల 1289కే వస్తవ్.

అంటే పాలన మొదలువెట్టి 27 ఏండ్లు దాటినయి, మనుమడు ప్రతాపరుద్రుడు పట్టానికి సిద్ధంగ ఉన్నడు. ఆఖరి సీనుల పడుచుపిల్లను నిలబెట్టకు. నెరిసిన జుట్టు ఉండాలె, ఆ వయసుల కూడా దండు వెంట పోయిన మనిషి ఆమె. కొలువుల ఎవ్వరితోని "రాణీ" అనిపియ్యకు, చాలా శాసనాలల్ల ఆమె "రుద్రదేవ మహారాజు".

గోన గన్నారెడ్డిని మాత్రం పైలంగ రాయి. నవలల్ల, సినిమాల్ల ఆయన గజదొంగ, పాలమూరుల గూడ చాలామందికి ఆ వేషమే యాదికున్నది. శాసనాలల్ల వర్ధమానపురం, ఇప్పటి నందివడ్డెమాను, ఏలిన కాకతీయ సామంతుడు. 1294ల ఆయన మంత్రి విఠలుడు ఆదవాని, తుంబళం, మానువ, హలువ దుర్గాలు గెలిచి రాయచూరు కోట కట్టిచ్చిండు. ఆ సంగతి చెక్కిన రాయి 40 అడుగులకు పైనే పొడుగుంటది! దొంగకంటే ఈ మనిషే గొప్పోడు గదా.

సామాన్ల తాన తప్పులు ఎక్కువ పడ్తయి. మిరప పోర్చుగీసోళ్లతోని వచ్చింది, 1500కు ఇవతల. రోట్ల ఎండుమిర్చి దంచే సీనుంటే మిరియాలు పెట్టు. మక్కకంకులు, టమాట వద్దు, జొన్నరొట్టె, సజ్జలు, చింతపండు సాలు. గోల్కొండ తోపులు చూసి ఓరుగల్లు బురుజు మీద గూడ తోపులు పెడ్తరు, రుద్రమ కాలానికి అవి లేవు.

చందుపట్ల పోతే పొద్దుగూకే యాళ్లకు పో. వెలుగు పక్కకెళ్లి పడితేనే చెక్కిన గీతల్ల నీడ నిలిచి అక్షరం లేస్తది, నడి మధ్యాహ్నం రాయంతా చదునుగ అవుపడ్తది. చీకటైతే టార్చిని రాతికి ఆనిచ్చి పక్కకెళ్లి వేసి ఫోటో తియ్. సున్నం, చాక్‌పీసు మాత్రం రుద్దకు. పగులును అక్షరమనుకొని గీస్తే, తర్వాత వచ్చినోడు రాయిని ఇడిసి నీ గీతనే చదువుతడు.

నా మాట వింటే కత్తిపోటు తీసెయ్. అరుపులు, డప్పులు తెర ఎనక వినపడనీ. తర్వాత స్టేజీ మీద ముమ్మడి, రాయి చెక్కేటోడు ఇద్దరే ఉండాలె. "శక 1211, విరోధి..." అని ముమ్మడి ఒక్కొక్క మాట చెప్తుంటే అవతలోడు ఉలి పెట్టి కొడ్తుండాలె. ఆ పాత్రకు గొంతు వణకని మనిషిని ఎతుకు.

ఉంట మరి,
నీ దోస్తు