చేతికి పనిముట్టు ఇవ్వని సోలార్ శిక్షణ

సోలార్ ప్యానెళ్లు బిగించే పని నేర్చుకునే విద్యార్థులకు బోర్డు మీద బొమ్మలు చూపించి, చేతికి పనిముట్టు ఇవ్వకుండానే కొన్ని శిక్షణ కేంద్రాలు సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తున్నాయి. ఈమధ్య మా ఇంటి పైకప్పు మీద ప్యానెళ్లు పెట్టడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లూ కోర్సు పూర్తి చేసినవాళ్లే. నడుముకు బెల్టు లేదు, కాళ్లకు మామూలు చెప్పులు. వైర్లను కలిపే కనెక్టర్ పిన్నును, దాన్ని వైరుకు గట్టిగా నొక్కి బిగించే క్రింపింగ్ టూల్‌తో కాకుండా కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తున్నారు. అదేంటని అడిగితే, ఆ టూల్‌ను కోర్సులో ఫొటోలోనే చూశామన్నాడు ఒకడు. తప్పు ఆ పిల్లలది కాదు. కానీ వదులుగా ఉన్న జాయింటు వేడెక్కి కరుగుతుంది, మంటలూ రావచ్చు. ఇంట్లో మెయిన్ కట్టేసినా, ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లలో వోల్టేజి ఉంటూనే ఉంటుంది. ఒక్కోటి 40 వోల్టుల చొప్పున 10 ప్యానెళ్లు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపితే 400 వోల్టులు! పైగా అది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. ఒకసారి ఆర్క్, అంటే గాలిలోంచి దూకే కరెంటు మెరుపు పుడితే, ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటులో లాగా తేలిగ్గా ఆరిపోదు. ప్రతి శిక్షణ కేంద్రం ఆవరణలో తక్కువ ఎత్తులో ఒక వాలు కప్పు కట్టాలి. బెల్టు, తాడు వేసుకుని ఫ్రేములు బిగించడం, క్రింపింగ్, ఎర్తింగ్, మల్టీమీటర్‌తో ప్లస్ మైనస్ సరిచూడటం అక్కడ విద్యార్థి చేత పదేపదే చేయించాలి. అనుభవమున్న టెక్నీషియన్ చేతికింద కొన్ని నెలలు పనిచేశాక, రాతపరీక్షతో సరిపెట్టకుండా, కళ్లముందు పని చేయించి చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి.