రెండు ఫీడర్లూ ఒకే స్తంభాల మీద! ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

విజయవాడ, గుంటూరు నగరాల్లో చిన్న డేటా సెంటర్లు, ఆసుపత్రుల, సహకార బ్యాంకుల సర్వర్ గదులు నడిపే ఇంజనీర్ల నమస్కారాలు. రెండో కరెంటు లైను వేరే దారిలో కావాలని విన్నపం ఇచ్చిన చోటల్లా రసీదు నంబరు వచ్చింది. "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కరించారో కాస్త చెబితే మేమూ సంతోషిద్దామని ఈ లేఖ.

విశాఖకు గూగుల్ వస్తోంది. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు, గిగావాట్ స్థాయి క్యాంపస్ అన్నారు. రానివ్వండి, మంచిదే. మేం అడుగుతున్నది 300 కిలోవాట్ల లోడుకి రెండో 11 కేవీ ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తెచ్చే రెండో లైను. ఇస్తామన్నారు, చార్జీలు కట్టించుకున్నారు, లైను వేశారు. కాగితం మీద మాకిప్పుడు డ్యూయల్ ఫీడర్ ఉన్నట్టే. చిక్కల్లా ఒక్కటే: రెండు ఫీడర్లూ ఒకే 33/11 కేవీ సబ్‌స్టేషన్లో ఒకే బస్‌బార్ (కరెంటు పంచే లోహపు పట్టీ) నుంచి బయల్దేరి, ఒకే వరుస స్తంభాల మీద డబుల్ సర్క్యూట్‌గా గేటు దాకా వస్తాయి. ఒకే కొమ్మకు రెండు ఉయ్యాలలు కట్టి, కొమ్మ విరిగినా ఒకటి మిగులుతుందన్నట్టుంది.

అక్కడ 33 కేవీ ఇన్‌కమర్ (సబ్‌స్టేషన్‌కి కరెంటు తెచ్చే లైను స్విచ్) ట్రిప్ అయితే రెండూ ఒకేసారి పోతాయి. వానలకు ముందు చెట్ల కొమ్మలు కొట్టడానికి ఒక సర్క్యూట్‌కి ఎల్సీ (లైను ఆపి పనిచేసే అనుమతి) తీసుకుంటే, అదే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం రెండోదీ ఆపాల్సిందే. ఆపడం న్యాయమే, అతణ్ని ఏమీ అనలేం. ఆ స్తంభాల మీదే రెండోది లాగమని గీత గీసినవారెవరో కనుక్కోండి.

సర్వర్‌కి రెండు పవర్ సప్లైలు, రాక్‌కి రెండు పీడీయూలు (కరెంటు పంచే పట్టీలు), గదికి రెండు యూపీఎస్‌లు పెట్టుకున్నాం. ఏ భాగం మరమ్మతుకు ఆపినా పని ఆగకూడదనేదే డేటా సెంటర్ల స్థాయుల్లో టయర్ త్రీ సూత్రం. ఇంత జంట ఏర్పాటూ గేటు దాటగానే ఒక్క తీగకు తేలిపోతోంది.

"జనరేటర్ ఉందిగా" అంటారు మీ అధికారులు. ఉంది. కరెంటు పోయాక అది స్టార్టయి లోడు తీసుకోవడానికి పది పదిహేను సెకన్లు, ఆ మధ్య యూపీఎస్ మోస్తుంది. కానీ ఏసీలు యూపీఎస్ మీద ఉండవు. రెప్పపాటు కరెంటు పోయి వచ్చినా కంప్రెసర్ మళ్లీ అందుకోవడానికి మూడు నిమిషాలైనా పడుతుంది. ఈలోగా సర్వర్లు వేడి కక్కుతూనే ఉంటాయి. సర్వర్ ముందు గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆష్రే (అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం) సిఫార్సు. మే నెల మధ్యాహ్నం రోజుకు అయిదారు సార్లు ఇలా జరిగితే ఆ 27 ఎక్కడ నిలుస్తుంది? బ్యాటరీల గతి ఇంకా ఘోరం. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలకు లెక్కగట్టిన ఆయుష్షు, ఇంకో పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగానికి పడిపోతుంది. కరెంటు పోయినప్పుడల్లా జరిగే డిశ్చార్జీ అదనపు దెబ్బ. అయిదేళ్లు రావాల్సిన బ్యాటరీల సెట్టును రెండున్నరేళ్లకే మారుస్తున్నాం. ఆ బిల్లు మీ సబ్సిడీలో ఏ కాలమ్‌లో రాయాలో కూడా సెలవియ్యండి.

ఇక డీజిల్. 300 కిలోవాట్ల లోడు మీద 500 కేవీఏ సెట్టు గంటకు 80 లీటర్ల దాకా తాగుతుంది. 1000 లీటర్లు దాటిన ట్యాంకు ఉన్నా, మొత్తం నిల్వ 2500 లీటర్లు మించినా పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు కావాలి కాబట్టి అందరూ 990 లీటర్ల ట్యాంకులే పెడతారు. ఒక ట్యాంకు పన్నెండు గంటలు, రెండు ట్యాంకులు ఒక రోజు. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అలాంటి చోటికి డీజిల్ ట్యాంకరు ఎలా వస్తుంది, పడవ మీదా? రోడ్డు మట్టానికే దిమ్మె కట్టి పెట్టిన ఆర్‌ఎంయూ (11 కేవీ లైన్ల స్విచ్‌ల పెట్టె) లోకి నీళ్లు రావడానికి అంత వరద కూడా అక్కర్లేదు.

"క్లౌడ్‌కి వెళ్లండి" అనేది ఇంకో సలహా. హైదరాబాద్‌లో, ముంబైలో అమెజాన్ రీజియన్లున్నాయి, మాకూ తెలుసు. వెళ్లే దారి ఫైబరే కదండీ. రెండు కంపెనీల లైన్లు తీసుకుంటే అవీ ఒకే కాలువ గట్టున, ఒకే డక్ట్‌లో. డ్రైనేజీ పనికి జేసీబీ దిగితే రెండూ ఒకే పళ్లకు తెగుతాయి. తవ్వే ముందు చెప్పడానికి 2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. ఇక్కడ తవ్వే కాంట్రాక్టర్ల ఫోన్లలో అది ఉందేమో ఒకసారి అడిగించండి. పోనీ ఫైబరు తెగలేదనుకుందాం. ఒక ఆసుపత్రి స్కాన్ల నిల్వ 20 టెరాబైట్లు. 100 ఎంబీపీఎస్ లీజ్డ్ లైను మీద అదంతా వెనక్కి తెచ్చుకోవాలంటే, లైను పూర్తిగా దానికే వదిలేసినా, పద్దెనిమిది రోజులు దాటుతుంది. అన్ని రోజులు సీటీ స్కాన్ డాక్టరు ఏ తెర మీద చూడాలి? అందుకే ఒక కాపీ ఇక్కడ, ఒకటి దూరాన ఉండాలి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకుంటే, వేరే చోట కాపీ లేని 858 టెరాబైట్ల ఉద్యోగుల ఫైళ్లు బూడిదయ్యాయి.

మేం కొత్త పథకం అడగడం లేదు. ఇస్తామన్న రెండో ఫీడరు వేరే సబ్‌స్టేషన్ నుంచి, వేరే దారిలో ఇవ్వండి. అదే సబ్‌స్టేషన్లో ట్రాన్స్‌ఫార్మర్ మార్చి "వేరే సోర్సు" అనకండి. ఆర్‌ఎంయూ దిమ్మె వరద మట్టానికి పైన కట్టించండి. ఫైబరుకి రెండో వైపు నుంచి దారి హక్కు ఇప్పించండి. కరెంటు మీ శాఖ కాదంటారేమో, విద్యుత్ వాళ్లనడిగితే డేటా సెంటర్ పాలసీ వాళ్లది కాదంటున్నారు. మీరిద్దరూ ఒక గంట కలిసి కూర్చోలేరా? వేరే సబ్‌స్టేషన్ నుంచి ఇవ్వండి మహాప్రభో, ఇంకేం అడగం.

ఈ లేఖ చదివాక ఒక్క పని చేయించండి. ఆ సబ్‌స్టేషన్ సింగిల్ లైన్ డయాగ్రం (ఏ లైను ఎక్కణ్నుంచి వస్తుందో చూపే పటం) మీ బల్ల మీదికి తెప్పించుకోండి. మొదటి ఫీడరు ఎక్కడ బయల్దేరిందో, రెండోది ఎక్కడ బయల్దేరిందో సంబంధిత ఇంజనీరు గారిని మీ ఎదుటే వేలు పెట్టి చూపమనండి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు సర్వర్ గదుల ఇంజనీర్లు