ఫుడ్ బ్యాంక్ వార్షిక నివేదిక: కర్నూలు సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి సమర్పించినది

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఎండలో శ్రమపడి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

మన ఆశయాలు మీకు తెలిసినవే. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు మేడల మీద నిలబడి అన్నం పొట్లం కోసం ఎదురుచూసినవాళ్లు మనలోనే ఉన్నారు. ఈ ఏడాది ఫుడ్ బ్యాంక్ బరువు మోసింది మాత్రం కాలేజీ పిల్లలు. ఆ మాట రికార్డులో ముందుగా ఉండాలి.

ఆదివారం పొద్దున్నే వచ్చి బియ్యం జల్లించి, పురుగు చూసి, తూకం వేసి సంచులు కట్టింది వాళ్లే. పెద్దాసుపత్రిలో రోగుల వెంట ఉండే నంద్యాల, గద్వాల, రాయచూరు వైపు వాళ్లకు రాత్రి భోజనం పెట్టిందీ వాళ్లే. ఫంక్షన్ హాళ్ల నుంచి ఫోన్ రాత్రి పది దాటాకే వస్తుంది. చల్లారిపోయిన సాంబారు, పులిసిన పెరుగన్నం తీసుకోబోమని పిల్లలు మొహం మీదే చెప్పేశారని కొందరు దాతలు నొచ్చుకున్నారు. మిగిలిన ఆహారం పంచడానికి 2019 నుంచి ప్రభుత్వ నియమాలున్నాయి. నేను పిల్లల పక్షమే.

ఎన్‌.ఎస్‌.ఎస్‌. (జాతీయ సేవా పథకం) సర్టిఫికెట్ కోసం వస్తారులే అని ఒక పెద్దాయన అన్నారు. దానికి ఏడాదికి 120 గంటల సేవ లెక్క. గంటలు నిండాక కూడా వచ్చినవాళ్లను నేను చూశాను.

సంక్రాంతి అయ్యాక కోసిగి వైపు పల్లెలకు వెళ్లిన రోజు మాత్రం కాస్త వివరంగా రాయాలి. మిరపకాయలు కోయడానికి జనం గుంటూరు వైపు వలస పోతే ఇళ్లల్లో ముసలివాళ్లు, పిల్లలు మిగులుతారు. మన కిట్ చూసి ఆ మండలం నుంచే వచ్చిన డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి, "సార్, మా అవ్వకు స్టోరు బియ్యం ఉన్నాయి. రొట్టెకు జొన్నపిండే లేదు" అంది. ఇన్నేళ్లూ మనకు తోచలేదు. బియ్యం తగ్గించి జొన్నపిండి, బెల్లం, చింతపండు పెట్టాం. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో ఆ అమ్మాయే జాబితా రాసింది. ఎమ్మిగనూరు మీదుగా ట్రాలీ ఆటోలో వెళ్లి ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాం. ఒక అవ్వ పిండి వాసన చూసి, "కొత్త జొన్నలే నాయనా" అంది. ఆ మాటతో నా కడుపు నిండింది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా పంచుతారు. డీజిల్, సంచుల ఖర్చు పెరిగింది. ఆడిట్ పూర్తయింది.

ఇక చెప్పక తప్పనివి. గోదాముకు ఒక గది ఇమ్మని పెట్టుకున్న అర్జీ ఏడాదిగా కదల్లేదు. వెళ్లిన ప్రతిసారీ సారు క్యాంపులో ఉన్నారనే జవాబు. ఈలోపు వానకు రేకుల షెడ్డు కారి బియ్యం మూటలు తడిశాయి. పిల్లలు ఆ బియ్యం ఆరబోస్తుంటే నాకు సిగ్గేసింది.

మార్చిలో పిల్లలు పరీక్షల టెన్షన్‌లో ఉంటారని మనకు ముందే తెలుసు. డ్యూటీ పట్టికలో పేర్లు రాసిన సభ్యులు మూడు ఆదివారాలు వరుసగా రాలేదు. నేను, వాచ్‌మన్ కలిసి మూటలు దించాం. పెళ్లిళ్లుంటాయి, ఎండలుంటాయి, కాదనను. రాలేమని ఒక్క ఫోన్ కూడా చేయలేదు.

బియ్యం ఇచ్చిన మిల్లు యజమానులకు, బాడుగ తీసుకోని ట్రాలీ ఆటో డ్రైవర్‌కు, రాత్రిళ్లు గేటు తెరిచి ఉంచిన హాస్టల్ వార్డెన్లకు, ఎన్‌.ఎస్‌.ఎస్‌. ప్రోగ్రాం ఆఫీసర్లకు, వడ్డనకు వచ్చిన మహిళా సభ్యులకు, ముఖ్యంగా ఆ పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

వచ్చే మార్చి డ్యూటీ పట్టిక వేదిక పక్కన బల్ల మీద ఉంది. భోజనాలకు లేచేముందు సంతకం చేయండి.

ఇట్లు,
కార్యదర్శి