కొత్త వెర్షన్ నా పాత ఫైళ్లలో జవాబులు మార్చేస్తోంది

కస్టమర్ సపోర్ట్ విభాగానికి,

విషయం: తప్పు సమాధానాలు, లేటెక్ (గణితాన్ని అచ్చుకు కూర్చే వ్యవస్థ) ఎగుమతిలో లోపాలు

నమస్కారం.

లెక్క చేయడం, దాన్ని పుస్తకంలా అచ్చుకు సిద్ధం చేయడం ఒకే ఫైల్లో అయిపోతాయని మీ సాఫ్ట్‌వేర్ కొన్నాను. కలన గణితం మీద రాస్తున్న పాఠ్యపుస్తకం మొత్తం అందులోనే ఉంది. కొత్త వెర్షన్ వేసుకున్నాక ఆ పుస్తకంలో ఏ జవాబును నమ్మాలో తెలియడం లేదు.

ఒక ఉదాహరణ ఇస్తాను. ఎక్స్ వర్గానికి వర్గమూలం తీసుకుని −1 నుంచి 1 వరకు సమాకలనం చేస్తే (అంటే ఆ గీత కింది వైశాల్యం కడితే) 1 రావాలి. పాత వెర్షన్‌లో అదే వచ్చేది. ఇప్పుడు సున్నా వస్తోంది. మెట్లు చూస్తే కారణం దొరికింది: ఆ వర్గమూలాన్ని ముందే ఎక్స్‌గా సూక్ష్మీకరించేస్తోంది. అది ఎక్స్ కాదండీ, ఎక్స్ పరమమూల్యం, అంటే రుణ గుర్తు తీసేసిన విలువ. ఎక్స్ విలువ −3 అయితే వర్గం 9, దాని వర్గమూలం 3. అదే సమాకలనిని సంఖ్యాత్మక పద్ధతిలో, అంటే సూత్రాలతో కాక నేరుగా అంకెలతో లెక్కించమంటే మాత్రం 1 వస్తోంది. ఒకే పేజీలో ఒకే ప్రశ్నకు రెండు జవాబులు!

ఇంతకన్నా బాధ కలిగించింది, ఇది చెప్పాపెట్టకుండా జరగడం. ఫైల్ తెరవగానే అన్నిటినీ మళ్లీ లెక్కగట్టి, పాత జవాబుల మీద కొత్తవి రాసేసింది. ఒక్క హెచ్చరిక కూడా లేదు. ఈ పుస్తకం చదివే పిల్లలు అచ్చులో ఉన్నదే నిజమనుకుంటారు. మీ సపోర్ట్ వాళ్లేమో మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు. సూక్ష్మీకరణ నియమంలోనే తప్పుంటే ఇన్‌స్టాల్ చేసి ఏం లాభం?

పోనీ లేటెక్‌లోకి మార్చుకుందామంటే సమీకరణాలు బొమ్మలైపోతున్నాయి, వాటి నంబర్లు రావలసిన చోట ప్రశ్నార్థకాలు పడుతున్నాయి. లేటెక్‌కు పునాది అయిన టెక్‌ను రాసిన డోనాల్డ్ నూత్, అది నిలకడగా ఉండాలని, 1990లోనే అందులో ఇక కొత్త సదుపాయాలు చేర్చనని, తప్పులు మాత్రమే దిద్దుతానని ప్రకటించారు. పైగా టెక్ ఫైళ్లు సాదా టెక్స్ట్. ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి చదువుకోవచ్చు. మీ ఫైల్‌ను మీ ప్రోగ్రామ్ తప్ప మరేదీ చదవలేదు. కాబట్టి మీ బాధ్యత ఇంకా ఎక్కువ.

సూక్ష్మీకరణ తప్పును వెంటనే సరిచేయండి. ఈ వెర్షన్‌లో ఏయే నియమాలు మార్చారో జాబితా ఇవ్వండి, ఏ పేజీలు మళ్లీ సరిచూసుకోవాలో అప్పుడే నాకు తెలుస్తుంది. నేను అడగనిదే పాత ఫలితాలు మారకుండా ఒక సెట్టింగ్ పెట్టండి. అంతవరకు పాత వెర్షన్ వాడుకునేలా నా లైసెన్స్ తెరవండి. అది కుదరకపోతే డబ్బు వాపసు ఇవ్వండి. రెండు వెర్షన్ల ఫలితాలూ ఉన్న ఫైళ్లు జతచేశాను. వాటిని చూసిన ఇంజనీరు నుంచే జవాబు కావాలి.

ఇట్లు,
మీ లైసెన్స్‌దారు, ఒక గణిత అధ్యాపకురాలు