గురుకుల పూర్వ విద్యార్థుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన ఖర్చు తక్కువ, పడిన వాదనలు ఎక్కువ. అందులో సగం రైలు పట్టా ముక్క గురించే. మెస్ ముందు వేపచెట్టుకు గంటగా వేలాడుతూ, తెల్లవారుజామున 5 గంటలకు మనందరి నిద్ర చెడగొట్టిన ముక్క అది. వేసవి సెలవుల్లో ఎలక్ట్రిక్ బెల్ బిగించి, దాన్ని స్టోర్ రూములో పడేశారు. అదీ మనమిచ్చిన డబ్బుతోనే. ఇక వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు ఒకటే గొడవ. జూలైలో ముసురు పట్టి కరెంటు పోయింది. బెల్‌కు ఇన్వర్టర్ లైను ఇవ్వడం మరిచిపోయామని అప్పుడు తెలిసింది. తొమ్మిదో తరగతి పిల్లలే ఆ ముక్కను మోసుకొచ్చి మళ్లీ కొమ్మకు కట్టారు. ఇప్పుడు పొద్దుటి గంట పట్టా మీద, పీరియడ్లు బెల్ మీద. మన కాలంలో గంట కొట్టే హక్కు స్కూల్ లీడర్‌ది. ఇప్పుడు డార్మిటరీల వారీగా వంతులు. వంతు వచ్చినవాడు నాలుగున్నరకే లేచి కూర్చుంటున్నాడట.

బకెట్ల సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. జూనియర్లు సీనియర్లకు నీళ్లు మోయడం, బట్టలు ఉతకడం ఇకపై కుదరదని ప్రిన్సిపాల్ గారు నోటీసు పెట్టారు. దాన్ని సమర్థిస్తూ తీర్మానం చేశాం. "అలా మోసే కదా మనం గట్టిపడ్డాం" అంటూ ముగ్గురు సభ్యులు ఒప్పుకోలేదు. వారి కోరిక మేరకు అది మినిట్స్‌లో రాశాం. ఈ నివేదిక రాస్తున్న నేను ఆరులో, ఏడులో మోశాను, పదిలో మోయించాను. గట్టిపడిన సంగతి తెలీదు గానీ, చేతులు బొబ్బలెక్కడం మాత్రం గుర్తుంది.

మెస్ గురించి రెండు మాటలు. 2024 డిసెంబరు నుంచి తెలంగాణ హాస్టళ్లు, గురుకులాలన్నిటికీ ఒకే మెనూ వచ్చింది. 8 నుంచి 10 తరగతుల పిల్లలకు నెలకు 1,100 రూపాయలున్న డైట్ ఛార్జీ 1,540 అయింది. కలయికనాడు పాత నీళ్ల పప్పే వండించాలన్న ప్రతిపాదనను కమిటీ పక్కన పెట్టింది. అప్పట్లో డబ్బుల్లేకే పప్పు అంత పలచగా ఉండేది.

మీడియం మారినా శనివారం పద్యాల పోటీ ఆగలేదు. అప్పజెబితే చాలదు, అర్థం చెప్పాలన్నది పిల్లలు పెట్టుకున్న కొత్త నియమం. ఉప్పూ కర్పూరం ఒక్కలా ఉంటాయనే పద్యానికి ఒక ఏడో తరగతి అబ్బాయి పళ్లెంలో రెండూ పెట్టి అగ్గిపుల్ల గీశాడు. "రుచి చూడక్కర్లేదు సార్" అన్నాడు.

ఇక అసలు సంగతి. 1971 నవంబరు 23న, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా, సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. టీచర్లు పిల్లలతో పాటు ఆవరణలోనే ఉండాలన్నది ఈ బడుల పద్ధతి. తర్వాత వచ్చిన మన బడీ అలాగే నడిచింది. రాత్రి జ్వరమొస్తే లెక్కల సారు ఇంటి తలుపు కొట్టినవాళ్లం మనం. ఇప్పుడు క్వార్టర్ల పైకప్పులు కురుస్తున్నాయి, సార్లు టౌన్‌లో ఉంటున్నారు. రాత్రి స్టడీ అవర్‌కు వంతుల మీద వచ్చి, అయ్యాక బండెక్కి వెళ్లిపోతున్నారు. తప్పు వాళ్లది కాదు, ఆ ఇళ్లలో ఎవరుంటారు? గంట కోసం మూడు రోజులు కొట్టుకున్న మనం దీని గురించి గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టలేదు.

మరమ్మతుల కోసం పై అధికారులకు రెండు అర్జీలు ఇచ్చాం. జవాబు రాలేదు. సంఘం డబ్బుతో ఒక క్వార్టర్‌కు పైకప్పు, మరుగుదొడ్డి బాగు చేయించాం. జనవరిలో తెలుగు సారు కుటుంబంతో అందులో చేరారు. రెండో క్వార్టర్‌కు చందాలు కావాలి. జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం.

సర్వసభ్య సమావేశం దసరా సెలవులయ్యాక, బడిలోనే. భోజనం మెస్‌లో. ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కోవాలి.

కార్యదర్శి