కార్డు గడువు తీరితే కెనడా పీఆర్ పోయినట్టు కాదు

సంపాదకులకు,

నాన్నకు పక్షవాతం వస్తే, మూడు నెలల్లో వెళ్లిపోదామని కెనడా నుంచి కడపకు వచ్చాను. మూడున్నరేళ్లయింది. ఆయన్ను మంచం మీద లేపి కూర్చోబెట్టాలంటే ఇద్దరం పట్టాలి. అమ్మ ఒక్కతే ఏం చేస్తుంది? ఈలోగా నా పీఆర్ కార్డు, అంటే అక్కడి శాశ్వత నివాస కార్డు, గడువు తీరింది. పీఆర్ నిలవాలంటే అయిదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి. నావి 512.

ఏడురోడ్ల దగ్గర ఒక ఏజెంటు ఫైలు తెరవకుండానే, ‘పీఆర్ పోయింది, మళ్లీ మొదట్నుంచే’ అంటూ ఫీజు చెప్పాడు. వారం రోజులు నిద్ర లేదు. తీరా చదువుకుంటే అది నిజం కాదు. కార్డు వేరు, హోదా వేరు. అధికారులు నిర్ణయం తీసుకుని, అప్పీలు కూడా తేలేదాకా హోదా ఉంటుంది. రోజులు తగ్గినా మానవతా కారణాలు చూపి అడగొచ్చు. మనలా బయట ఉన్నవాళ్లు కెనడా తిరిగి వెళ్లేందుకు ముందు పీఆర్ ప్రయాణ పత్రానికి దరఖాస్తు పెట్టాలి. కాదంటే 60 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. ఇస్తారన్న గ్యారంటీ మాత్రం లేదు.

నాన్న డిశ్చార్జి కాగితాలు, మందుల బిల్లులు తేదీలవారీగా పేర్చుకుంటున్నాను. ఫిజియోథెరపీ అబ్బాయి రోజూ సంతకం పెట్టిన క్యాలెండరును కూడా గోడ మీంచి దించాను. ఆ ఏజెంటు మాట విని ఎవరైనా డబ్బు కట్టబోతుంటే, కాస్త ఆగండి.

– ఒక పాఠకుడు, ఎర్రముక్కపల్లె, కడప