నీలం దగ్గరే ఆగిపోతే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

చిత్రకారుడు పికాసో దాదాపు అంతా నీలంలోనే గీసిన ‘ముసలి గిటారిస్టు’ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ‘నీలం అంటే విషాదం’ అని మొదలై అక్కడే ఆగిపోయింది. నీలమేఘశ్యాముణ్ణి చూసి మనమెవరమూ దిగులు పడం కదా! ఈ బొమ్మలో దిగులంతా ఒంటి వంపులో ఉంది. మెడ దాదాపు అడ్డంగా వాలిపోయింది. పై అంచు నుంచి కింది అంచు దాకా మనిషిని ఇరికించేశాడు చిత్రకారుడు. లేచి నిలబడదామన్నా చోటు లేదు. ఎముకలు తేలిన వేళ్లు మనుషుల్ని సాగదీసి గీసిన పాతకాలపు చిత్రకారుడు ఎల్ గ్రెకో బొమ్మల్లోలా పొడుగ్గా సాగి ఉన్నాయి. మీరేమో మోకాళ్ల దగ్గర బొమ్మను కత్తిరించి వేశారు. ఆ ఇరుకు పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

మూసిన కళ్లను భక్తి పారవశ్యం అన్నారు. త్యాగరాజస్వామి పటం చూస్తూ పెరిగినవాళ్లకు అలా అనిపించడం సహజమే. కానీ ఈ ముసలాయన చూపులేని పేద. బాసింపట్టు వేసుకుని కూర్చున్నా, ఆ ఒంట్లో కచేరీ కళ ఏ కోశానా లేదు.

ఇక గిటారు. బొమ్మ మొత్తమ్మీద నీలాన్ని వదిలి గోధుమరంగులోకి వెళ్లింది అదొక్కటే. బొటనవేలితో దాన్ని కప్పి చూడండి, మనిషి నేపథ్యంలో కలిసిపోతాడు. వేలు తీస్తే ఆ కాస్త వెచ్చదనం తిరిగొస్తుంది. బతుకులో ఆయనకు మిగిలింది అదేనని నాకు తోచిన అర్థం. మీ అచ్చులో పసుపు, మెజెంటా (ముదురు గులాబీ) సిరాలు తగ్గి గిటారు బూడిదరంగుకు తిరిగింది. అసలు కీలకమే పోయింది.

ముసలాయన మెడ పైన లీలగా కనిపించే ఆడమనిషి ముఖాన్ని ‘మృత్యుదేవత’ అనడం మరీ తొందరపాటు. ఎక్స్-రే, ఇన్‌ఫ్రారెడ్ పరీక్షల్లో అడుగున బిడ్డతో ఉన్న తల్లి బొమ్మ బయటపడింది. అప్పట్లో డబ్బుకు కటకటలాడుతున్న పికాసో పాత బొమ్మ మీదే కొత్తది వేశాడు. ఏళ్లు గడిచేకొద్దీ నూనె రంగు కొంత పారదర్శకమై అడుగుది పైకి తేలుతుంది.

పికాసో స్నేహితుడు కాసజెమాస్ ఆత్మహత్య 1901 ఫిబ్రవరిలో. ఈ బొమ్మ 1903 చివర, 1904 మొదట్లో బార్సిలోనాలో వేసింది. ఆ దుఃఖం నీలి దశకు (పికాసో ఎక్కువగా నీలంలోనే బొమ్మలు వేసిన కాలానికి) నాంది అనవచ్చు గానీ, ప్రతి గీతకూ దాన్నే కారణం చేయకూడదు.

అసలు చిత్రం షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఎత్తు సుమారు 123, వెడల్పు 83 సెంటీమీటర్లు. దయచేసి వచ్చే ఆదివారం దాన్ని కత్తిరించకుండా, కనీసం అరపేజీలో, గిటారు రంగు సరిచూసి మళ్లీ వేయండి.

— ఒక చిత్రకళా ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం